పదహారు ట్యాపెట్లు, మూడు తెల్లవారుజాములు

ఇంజిన్ హెడ్ 38 డిగ్రీల కంటే వేడిగా ఉన్నప్పుడు వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ కాడకీ దాన్ని నొక్కే స్క్రూకీ మధ్య వదిలే సన్నటి సందు) ముట్టుకోవద్దని హోండా సర్వీస్ మాన్యువల్‌లో ఒక లైన్ ఉంటుంది. ఆ లైన్ రాసినాయన ఎక్కడో చల్లటి ఊళ్ళో కూర్చుని రాసుంటాడు. మాది డల్లాస్ పక్కన ఫ్రిస్కో, ఆగస్టు నెల, గరాజ్ తలుపు పడమటి వైపు. సాయంత్రం ఐదింటికి ఆ తలుపు మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. 2011లో ఇక్కడ 71 రోజులు నూరు ఫారెన్‌హీట్ తాకిందని పాతకాపులు ఇప్పటికీ కథలా చెప్తుంటారు. నూరు ఫారెన్‌హీట్ అంటే ఇంచుమించు ఆ 38 డిగ్రీలే. అంటే అలాంటి రోజు మధ్యాహ్నం నా బండి తాళం కూడా తిప్పకుండా ఊరికే నిలబెట్టినా, మాన్యువల్ లెక్కలో అది వేడెక్కిన ఇంజినే.

బండి 2002 మోడల్ ఎస్2000. వెండి రంగు, గుడ్డ టాపు, ఇద్దరికే చోటు, ఇంట్లో దానికి పేరు "ఆ పనికిరాని కారు". హోండా వాళ్ళు తమ కంపెనీకి యాభయ్యేళ్ళు నిండిన సందర్భానికి చేసుకున్న కారు, 1999లో బయటికొచ్చింది. ఇంజిన్ 1997 సీసీ, అంటే రెండు లీటర్లు కూడా నిండలేదు, టర్బో లేదు, అయినా అమెరికా మోడల్‌కి 240 హార్స్ పవర్. ఆ బలమంతా తిరగడంలోంచి వస్తుంది. మామూలు కార్లు 6000 ఆర్‌పీఎం దగ్గరికి వచ్చేసరికి ఇక చాలు బాబోయ్ అంటాయి, దీనికి అక్కడే వీటెక్ (వేగం పెరిగాక వాల్వుల్ని ఇంకా ఎక్కువ తెరిపించే హోండా ఏర్పాటు) అందుకుంటుంది, ఎర్రగీత 9000 దగ్గర ఉంటుంది. 9000 దగ్గర ఒక్కో వాల్వ్ సెకనుకి 75 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఈ ఒక్క అంకె తల్చుకున్నాకే నాకు ఈ పని మీద భయం, భక్తి రెండూ పుట్టాయి.

ఇప్పటి కార్లలో చాలావాటికి ట్యాపెట్ సందు, అంటే ఆ వాల్వ్ క్లియరెన్సే, దానంతటదే సరి చేసుకునే ఏర్పాటు ఉంటుంది, ఆయిల్ ప్రెషర్‌తో. దీనికి లేదు. పాత బుల్లెట్ లాగా, పొలం దగ్గర ఆయిల్ ఇంజిన్ లాగా, స్క్రూ ఒకటి, దాన్ని పట్టి ఉంచే నట్టు ఒకటి. ఎవడో ఒకడు చేత్తో పెట్టాలి. వాల్వులు పదహారు కాబట్టి పదహారు చోట్ల పెట్టాలి. గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వైపు సందు 0.21 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, పొగ బయటికిపోయే ఎగ్జాస్ట్ వైపు 0.25 నుంచి 0.29. ప్రింటర్‌లో పెట్టే తెల్లకాగితం మందం 0.1 ఉంటుంది. మనకిచ్చిన వెసులుబాటు అందులో సగం కూడా లేదన్నమాట.

అసలు నేను ఇందులోకి దిగింది చప్పుడు వచ్చి కాదు. చప్పుడు రాక. 96 వేల మైళ్ళు తిరిగిన బండి కొన్నాను, ఫైల్లో ఆయిల్ మార్చిన బిల్లులు, టైర్ల బిల్లులు అన్నీ ఉన్నాయి గానీ వాల్వ్ అడ్జస్ట్‌మెంట్ అన్న మాట ఎక్కడా లేదు. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేస్తే ఓ నిమిషంపాటు కొంచెం వణుకుతుంది, తర్వాత సర్దుకుంటుంది. మిగతా వాళ్ళ ఎస్2000లు ఎక్కడైనా కలిసినప్పుడు బానెట్ తీస్తే కుట్టుమిషన్ లాగా టిక్ టిక్ టిక్ అంటుంటాయి, నాది మాత్రం మౌనవ్రతం. ఇది నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఒకసారి మా బాబాయ్‌తో కూడా చెప్పాను. ఆయనది విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డు, నలభై ఏళ్ళ సర్వీసు, అరచేతి గీతల్లో ఆయిల్ ఇక పోదు.

"చప్పుడు లేదా? ఎప్పట్నుంచీ?" అన్నాడు. డాక్టర్లు అడుగుతారు చూడండి, అలా.

"కొన్నప్పట్నుంచీ ఇంతే బాబాయ్, చాలా స్మూత్."

"ఒరేయ్, అరిచే ట్యాపెట్‌కి ఆయుష్షు ఉంటుందిరా. నోరు మూసుకు కూర్చున్నదాన్నే చూసుకోవాలి."

ఆయన చెప్పింది ఇది. ఏళ్ళు గడిచేకొద్దీ ఎగ్జాస్ట్ వాల్వ్ తన సీటులోకి కొంచెం కొంచెంగా అరిగి దిగిపోతుంది. వాల్వ్ మొహం లోపలికి దిగితే దాని కాడ చివర పైకి లేస్తుంది, దాన్ని నొక్కే రాకర్ అనే మీట స్క్రూకి దగ్గరవుతుంది, సందు తగ్గుతుంది. సందు తగ్గితే చప్పుడు తగ్గుతుంది, చెవికి బాగుంటుంది. కానీ సందు పూర్తిగా పోయిన రోజున వాల్వ్ సీటు మీద గట్టిగా కూర్చోదు, మండే గ్యాసులు ఆ సన్నటి దారిలోంచి తన్నుకుపోతుంటాయి. వాల్వ్ తన వేడిని హెడ్‌కి దించుకునేది ఆ సీటు మీద కూర్చున్న కాసేపట్లోనే, అది కూడా ఉండదు. ఇక అంచు కాలిపోతుంది. ఆ తర్వాత హెడ్ దింపడమే. ఫోన్ పెట్టేశాక నేను ఆ రోజు బండి తియ్యలేదు.

ఒక షాపులో అడిగితే ఆరు వందల డాలర్లు, మూడు వారాలు ఆగాలి అన్నారు. ఆగుదామనే అనుకున్నాను, కానీ కౌంటర్ దగ్గర అబ్బాయి "ఇంజిన్ వేడి మీదున్నా ఫరవాలేదు, పొద్దున తెచ్చి సాయంత్రం తీసుకెళ్ళండి" అన్నాడు. అప్పటికే మాన్యువల్ చదివి ఉండటం నా ఖర్మ. థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను.

పనిముట్లకి పెద్ద ఖర్చేం లేదు. పది నంబర్ రింగ్ పానా, పొట్టి స్క్రూడ్రైవర్, ప్లగ్ సాకెట్, ఇంజిన్ పై మూత కింద పెట్టే కొత్త గ్యాస్కెట్ సెట్, మూలలకి పెట్టే గమ్, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి బ్లేడ్ల సెట్). ఈ చివరిదాని దగ్గరే మొదటి దెబ్బ తిన్నాను. దగ్గర్లో దొరికిన సెట్ తెచ్చి విప్పితే అందులో 0.20, 0.25, 0.30 ఉన్నాయి, మధ్యవి లేవు. నాకు కావలసిందేమో ఆ మధ్యలోదే. ఇంకో సెట్ తెప్పించాను, కొన వంచినది, ఎందుకంటే ఈ ఇంజిన్‌లో కొలిచేది స్క్రూ కొనకీ వాల్వ్ కాడ తలకీ మధ్య. తిన్నటి బ్లేడు అక్కడికి పోవాలంటే పక్కనున్నవన్నీ అడ్డం వస్తాయి.

మొదటి శనివారం తెల్లవారుజామున ఐదున్నరకి లేచాను. ముందురోజు రాత్రి పదకొండుకి సినిమా చూసి ఇదే బండిలో వచ్చాం, తెలివి తక్కువతనం అంతా అక్కడే ఉంది. మా ఆవిడ దోసెల పెనం వేడి చూసుకోడానికి కొన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తెచ్చి మూత మీద కొట్టాను. 41. గరాజ్ తలుపు తీసి ఫ్యాన్ పెట్టి కూర్చున్నాను. ఎనిమిదింటికి 39. తొమ్మిదింటికి బయట ఎండ మొదలై మళ్ళీ 40. ఇంజిన్ చల్లారడం ఆగిపోయి గరాజ్‌తో కలిసి వేడెక్కడం మొదలైందని అర్థమయ్యాక కాఫీ తాగి పడుకున్నాను. ఒక్క నట్టు కూడా విప్పలేదు.

ఆ తర్వాత వారమంతా బండి కదపలేదు. రెండో శనివారం ఐదింటికి చూస్తే 33. అప్పటికి అక్కడ మధ్యాహ్నం మూడున్నర, బాబాయ్ టీ టైమ్. వాట్సాప్ వీడియో పెట్టి ఫోన్‌ని బానెట్ కమ్మీకి కట్టాను.

పైనున్న ప్లాస్టిక్ కవరు, నాలుగు కాయిళ్ళు, నాలుగు ప్లగ్గులు, గొట్టాలు, ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. ప్లగ్గులు తీసేస్తే కంప్రెషన్ ఉండదు కాబట్టి ఇంజిన్‌ని చేత్తో తిప్పడం తేలిక. మూత నట్లు తీశాక మూత మాత్రం రాలేదు, ఇరవై ఏళ్ళ ప్యాకింగ్ గోందులా పట్టేసింది. రబ్బరు సుత్తితో చుట్టూ తడితే ఒక మూల 'చప్' మంది. తీసి పక్కన బోర్లా పెట్టాను. లోపల చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తేనె రంగు ఆయిల్ పొర కింద వాల్వుల్ని తెరిపించే రెండు కామ్ షాఫ్టులు, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో వైపు మూడేసి రాకర్లు, వాటిలో పక్కలవి రెండింటికే స్క్రూలు, మధ్యది వీటెక్ కోసం. ఇంకో వింత ఏంటంటే కింద పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి చైన్ నేరుగా కామ్‌లకి రాదు, మధ్యలో ఒక గేరు దాకా వచ్చి ఆగుతుంది, అక్కడ్నుంచి పళ్ళ చక్రాలే తిప్పుతాయి. బాబాయ్ "దగ్గరికి పెట్టు, దగ్గరికి పెట్టు" అంటూనే ఉన్నాడు. వెనకాల షెడ్డులో ఎవరో "మేస్త్రీ, లీలాండ్ వచ్చింది" అని పిలిస్తే "ఉండమను" అన్నాడు.

ముందు ఒకటో సిలిండర్. పుల్లీ బోల్టుకి సాకెట్ వేసి, గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పుతూ, పుల్లీ మీద గీత కలిసేదాకా తెచ్చాను. పిస్టన్ పైకొచ్చింది, బాగుంది. ఎగ్జాస్ట్ సందులో 0.25 బ్లేడు పెడితే పోలేదు. 0.20 పెట్టాను, పోలేదు. 0.10 కూడా పోలేదు. పక్కది అంతే. ఇన్‌టేక్ వైపు రెండూ అంతే. నాలుగుకి నాలుగూ పట్టేశాయి! చెమటలు పట్టాయి, ఎండకి కాదు. బుర్రలో ఒకటే లెక్క, హెడ్ దింపితే ఎంత, వాల్వులు కాలి ఉంటే ఎంత, ఈ కారు అమ్మేస్తే ఎవడైనా కొంటాడా.

"ఏంట్రా మొహం అలా పెట్టావు?"

"సందు లేదు బాబాయ్. ఒక్కదానికీ లేదు."

"పైకొచ్చిందల్లా కంప్రెషన్ కాదురా అబ్బాయ్. ఇంకో చుట్టు తిప్పు."

పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి కంప్రెషన్‌లో, అప్పుడు వాల్వులన్నీ మూసుకుని ఉంటాయి. ఇంకోసారి పొగ బయటికి తోసేసి కొత్త గాలి పీల్చుకోబోయే ముందు, అప్పుడు రెండు వైపులా కొంచెం కొంచెం తెరుచుకునే ఉంటాయి, సందు ఎక్కడ్నుంచి వస్తుంది? ఇది ఇంటర్‌లో చదివాను, ఇంజినీరింగ్‌లో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. పుల్లీ గీత చూసుకున్నవాణ్ణి తల ఎత్తి కామ్ చక్రాల మీద గుర్తులు చూసుకోలేదు, అంతే. ఇంకో చుట్టు తిప్పాను. 0.20 బ్లేడు లోపలికి జారింది. నేను పక్కనున్న స్టూల్ మీద కూర్చుండిపోయాను.

తర్వాతదే అసలు పని. పుస్తకాల్లో అందరూ ఒకటే రాస్తారు, బ్లేడు "కొద్దిగా పట్టు తగులుతూ" కదలాలని. కొద్దిగా అంటే? నా కొద్దిగా వేరు, మా ఆవిడ కూరలో వేసే కొద్దిగా కారం వేరు. బ్లేడుకి ఆయిల్ అంటితే ఒకలా ఉంటుంది, తుడిస్తే ఇంకోలా. వంకరగా పెడితే వదులు సందు కూడా బిగుతుగా తోస్తుంది. ఇరవై నిమిషాలు ఒక్క వాల్వ్ దగ్గరే ఆగిపోయాను, ఒకసారి సరిపోయిందనిపిస్తుంది, మళ్ళీ పెడితే కాదనిపిస్తుంది.

బాబాయ్ అప్పుడు రెండు మాటలు చెప్పాడు. ఒకటి, ఒక్క బ్లేడుతో తేల్చుకోకు, రెండు పట్టుకో, ఒకటి పోవాలి, ఇంకోటి పోకూడదు. ఎగ్జాస్ట్‌కి 0.25 పోవాలి, 0.29 కంటే మందంది పోకూడదు. ఇక దీంట్లో ఊహలేం లేవు. రెండోది, పట్టు గురించి. "తమలపాకు ఈనె తీస్తావు చూడు, మీ నానమ్మకి తీసిచ్చేవాడివి, ఆకు చిరక్కుండా, ఈనె తెగకుండా, అంత." ఆ మాట నా వేళ్ళకి ఎలా వెళ్ళిందో తెలీదు గానీ వెళ్ళింది. మా నానమ్మ మంచం పక్కన కూర్చుని నేను తీసిచ్చిన ఈనెలు కొన్ని వందలుంటాయి. కుర్రతనంలో తన దగ్గర గేజి లేకపోతే షేవింగ్ బ్లేడ్లు పెట్టి చూసేవాణ్ణని కూడా చెప్పాడు, ఒక్కో బ్లేడు 0.1 మందం ఉంటుంది కాబట్టి రెండు పెడితే లారీకి ఓ అంచనా దొరికేదట. "దీనికి మాత్రం ఆ పని చెయ్యకు" అని కూడా అన్నాడు, నేను అడక్కముందే.

సందు పెట్టడం ఒక ఎత్తు, దాన్ని అక్కడే నిలబెట్టడం ఇంకో ఎత్తు. స్క్రూడ్రైవర్‌తో స్క్రూ తిప్పి 0.27 పెడతాం, దాన్ని అలాగే పట్టుకుని రింగ్ పానాతో నట్టు బిగిస్తాం, నట్టు తిరుగుతూ స్క్రూని కూడా ఓ వెంట్రుకంత తనతో లాక్కుపోతుంది. మళ్ళీ చూస్తే 0.24. మళ్ళీ విప్పు. ఈసారి స్క్రూని కాస్త వదులు చేసి, నట్టు లాగేదాన్ని లెక్కలోకి తీసుకుని బిగిస్తే 0.30. ఇలా ఒక్కో వాల్వ్‌కి ఐదారు సార్లు. నట్టు బిగువు 20 న్యూటన్ మీటర్లు ఉండాలి, కానీ మధ్యలో స్క్రూడ్రైవర్ ఉంటే టార్క్ రెంచ్ ఎక్కడ పెడతాం? దానికి విడిగా పనిముట్టు అమ్ముతారు, నేను కొనలేదు, ముందురోజు రాత్రి వైస్‌లో ఒక బోల్టు బిగించి టార్క్ రెంచ్‌తో 20 అంటే చేతికి ఎలా ఉంటుందో పదిసార్లు చూసుకున్నాను. ఇది సరైన పద్ధతని చెప్పను, నేను చేసింది చెప్తున్నాను.

ఒకటో సిలిండర్‌కి గంటన్నర పట్టింది. సిలిండర్ల వరస 1, 3, 4, 2, ప్రతిదానికీ క్రాంక్‌ని అర చుట్టు తిప్పాలి. మూడోదానికి తిప్పేటప్పుడు గీత దాటి ముందుకు వెళ్ళిపోయాను. వెనక్కి ఓ పిసరు తిప్పేస్తే పోతుంది కదా అని చెయ్యి లాగింది. కానీ చైన్‌కి టెన్షనర్ ఉన్న ఇంజిన్‌ని ఎదురు తిప్పితే చైన్ వదులయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి బుద్ధిగా ఇంకో రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్ళీ అక్కడికే వచ్చాను. గుడి చుట్టూ ప్రదక్షిణ లాగా, తప్పు చేసినవాడు ముందుకే నడవాలి.

మూడో సిలిండర్ ఎగ్జాస్ట్‌లో ఒకటి 0.17 వచ్చింది. 0.25 ఉండాల్సింది. పదహారింటిలో అదే అన్నిటికంటే ఘోరం. దాన్ని చూసినప్పుడు నా మౌనవ్రతం బండి మీద ఉన్న గర్వమంతా దిగిపోయింది. ఇంకెన్ని మైళ్ళకి కాలేదో. దాన్ని సరి చేస్తుంటే థర్మామీటర్ 36, నట్టు బిగించేసరికి 37, ఆఖరుది అయ్యేసరికి 37.5. కంగారుగా ముగించి ఇంజిన్ మీద పాత దుప్పటి కప్పి లోపలికి వెళ్ళిపోయాను. ఈ కంగారు సంగతి గుర్తుంచుకోండి.

ఆదివారం మూడో తెల్లవారుజాము. చేతికి పని వచ్చేసినట్టుంది, నాలుగు, రెండు సిలిండర్లు కలిపి గంటంబావులో అయిపోయాయి. ఒకటోది పట్టు తెలియకముందు చేసింది కాబట్టి మళ్ళీ చూశాను, నాలుగింటిలో ఒకటి తప్పే, సరి చేశాను. నోట్‌బుక్‌లో లెక్క చూస్తే ఇన్‌టేక్ ఎనిమిదింటిలో ఆరు బాగానే ఉన్నాయి, రెండు కాస్త వదులు. ఎగ్జాస్ట్ ఎనిమిదింటిలో ఐదు బిగుతు.

ఇక మూత పెట్టేయడమే అనుకుని నట్లు, వాటి కింద రబ్బరు వాషర్లు వరసగా గుడ్డ మీద పేర్చాను. వాషర్ ఒకటి తక్కువ.

మళ్ళీ లెక్కపెట్టాను. తక్కువే. ఇంజిన్ ముందువైపు చైన్ కిందికి దిగే సందు ఒకటి ఉంటుంది, నేరుగా ఆయిల్ చాంబర్ దాకా. మూత తియ్యగానే ఆ సందులో గుడ్డ కుక్కాలని అందరికీ తెలుసు, నాకూ తెలుసు, కుక్కింది మాత్రం రెండోరోజు. మొదటిరోజు పడి ఉంటే? టార్చి వేసి చూశాను, సన్నటి కర్ర దింపాను, ఏమీ తగల్లేదు. తగలకపోతే లేనట్టు కాదు కదా, ఎక్కడో పళ్ళ మధ్య ఇరుక్కుని ఉండొచ్చు. చాంబర్ విప్పాలా? దానికి బండి కిందికి దూరాలి, ఇంకో వారం. గరాజ్ నేలంతా పాకాను. టైర్ కింద చూశాను, జేబులు చూసుకున్నాను, చెప్పులు తిరగేశాను.

మా అత్తగారు అప్పటికి నెల్నాళ్ళుగా మా ఇంట్లోనే ఉన్నారు, పొద్దున్నే అందరికంటే ముందు లేస్తారు. కాఫీ గ్లాసు పట్టుకుని గరాజ్ గుమ్మం దగ్గర నిలబడి నన్ను చూశారు, నేను నేల మీద బోర్లా ఉన్నాను.

"ఏం పోయింది అల్లుడుగారూ?"

"వాషర్ అత్తయ్యగారూ. రబ్బరుది, గుండ్రంగా, ఇంతుంటుంది."

"మూతకి అంటుకుందేమో చూశారా? మా కుక్కర్ గ్యాస్కెట్ రోజూ అంతే, గిన్నె అంతా వెతుకుతాం, మూతకే పట్టుకుని ఉంటుంది."

మొదటిరోజు నేను బోర్లా పెట్టిన మూత అక్కడే ఉంది. తిప్పి చూస్తే ఒక నట్టు గుంటలో, నల్లటి గుంటలో నల్లటి వాషర్, ఇరవై ఏళ్ళుగా అక్కడే పుట్టినట్టు కూర్చుని ఉంది. స్క్రూడ్రైవర్ కొనతో లేపితే ఊడింది. ఆవిడ "కాఫీ చల్లారిపోతోంది" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు ఉప్మాలో జీడిపప్పు నాకు రెండింతలు వేశారు, ఎందుకో అడగలేదు.

మూత అడుగు గాడి శుభ్రం చేసి కొత్త గ్యాస్కెట్ కూర్చోబెట్టాను, ప్లగ్గుల గొట్టాల చుట్టూ కొత్త రింగులు పెట్టాను. కామ్ క్యాపులు హెడ్‌ని కలిసే మూలల్లో గమ్ చుక్కలు పెట్టాలి, ముందు మూలలు రెండూ కళ్ళతో చూసి పెట్టాను. వెనక మూలలు అద్దం కిందున్న గోడకి ఆనుకున్నట్టు ఉంటాయి, తల దూరదు, వేలితో తడిమి పెట్టాను. నట్లు మధ్య నుంచి బయటికి, కొద్దికొద్దిగా రెండు మూడు విడతల్లో బిగించాను. గమ్ ఆరాలని సాయంత్రం దాకా ఆగాను. ఆగడం ఈ మొత్తం పనిలో నాకు చేతకానిది అదొక్కటే.

సాయంత్రం ఆరింటికి తాళం తిప్పాను. ఒక్క క్షణం తడబడి అందుకుంది. వణుకు లేదు. ఆ తర్వాత వినిపించింది, టిక్ టిక్ టిక్ టిక్, సన్నగా, సమంగా, కుట్టుమిషన్. నాకు గాల్లో తేలినట్టుంది. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి రెండు నిమిషాలు విని, "ఇంతకుముందు ఈ చప్పుడు లేదు. పాడు చేశారా?" అంది. అరిచే ట్యాపెట్, ఆయుష్షు అని ఏదో మొదలుపెట్టాను, కానీ మూడు తెల్లవారుజాములు పాడు చేసుకుని చప్పుడు తెచ్చుకున్న మొగుడికి ఎంత మర్యాద దక్కుతుందో అంతే దక్కింది.

నెమ్మదిగా ఇరవై నిమిషాలు తిప్పి వేడెక్కాక టోల్‌వే ఎక్కే ర్యాంప్ మీద మూడో గేరులో ఒక్కసారి చూశాను. 6000 దగ్గర ఆ గొంతు మారడం మామూలే, దాని తర్వాత ఎక్కే తీరులో ఇదివరకు ఒక చిన్న బద్ధకం ఉండేది, అది లేదు. లేదనే అనుకుంటున్నాను. మన చేత్తో చేసిన పని గురించి మన చెవులు చెప్పేది ఎంతవరకు నమ్మాలో తెలీదు.

మంగళవారం ఆఫీసు నుంచి వస్తూ సిగ్నల్ దగ్గర ఆగితే కాలిన ఆయిల్ వాసన. ఇంటికొచ్చి బానెట్ తీశాను, వెనక మూల నుంచి ఓ చెమట చారిక కిందికి దిగింది. వేలితో తడిమి గమ్ పెట్టిన మూలే. ఆ రాత్రే బాబాయ్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు, లారీ హెడ్లకి కూడా వెనక మూలే కారుతుందట, చెయ్యి పోని చోటే కారుతుందట.

"సరే, ఎలాగూ మూత తీస్తావుగా. ఆ మూడోదాని ఎగ్జాస్ట్ ఓసారి చూడు. 0.27 ఉందన్నావు, నట్టు బిగించకముందు చూశావా, బిగించాక చూశావా?"

నోట్‌బుక్ తీసి చూశాను. 0.27 అని ఉంది, పక్కన టిక్కు ఉంది, కింద 37.5 డిగ్రీలు అని రాసి రెండు గీతలు గీసి ఉంది. బిగించాక చూశానో లేదో మాత్రం లేదు, గుర్తు కూడా లేదు. బండి మళ్ళీ గరాజ్‌లో నిలబెట్టాను. కొత్త ప్యాకింగ్ గురువారం వస్తుంది, అలారం శనివారం ఐదింటికి.